పాలీహౌస్‌కు డ్రిప్పు: ముందు నీళ్లు, తరువాతే పైపులు

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర చిన్న పల్లె. ఇరవై గుంటల్లో పాలీహౌస్ నిలబెట్టాం. యాభై మీటర్ల పొడవు, నలభై మీటర్ల వెడల్పు. ఎర్రమట్టి, పశువుల ఎరువు కలిపి బెడ్లు చేసుకున్నాం, క్యాప్సికం పెట్టాలని అనుకుంటున్నాం. ఉన్నది ఒక్కటే బోరు, ఇంచున్నర నీళ్లు పోస్తుంది. డ్రిప్పు పైపులు అమ్మే అతను గంటకు నాలుగు లీటర్ల డ్రిప్పర్లు వేసుకోండి, ఒక్కసారి మోటారు వేస్తే అంతటా పారుతుంది అన్నాడు. పక్క ఊళ్లో ఒకరి పాలీహౌస్‌లో రెండో ఏడాదికే డ్రిప్పర్లు మూసుకుపోయి మొక్కలు వాడిపోయాయి. అది చూసినప్పటి నుంచి మాకు భయం పట్టుకుంది. ఎన్ని లీటర్ల డ్రిప్పర్లు వేయాలి? బెడ్డుకు ఎన్ని వరుసలు? రోజుకు ఎంతసేపు వదలాలి? డిస్క్ ఫిల్టరు, ఇసుక ఫిల్టరు రెండూ కావాలా? చెప్పండి అన్నగారూ.

సమాధానం: చెల్లెమ్మా, మీ ఉత్తరంలో పైపుల గురించి నాలుగు ప్రశ్నలున్నాయి, నీళ్ల గురించి ఒక్క మాటే ఉంది: ఇంచున్నర. నేను ఆ మాట దగ్గరే మొదలుపెడతాను. మీ పక్క ఊరి వాళ్ల పైపుల్లో లోపం ఉందో లేదో నేను చూడలేదు గానీ, మన దగ్గర రెండేళ్లలో మూలపడిన డ్రిప్పుల్లో నేను చూసినవన్నీ నీళ్ల సంగతి తేల్చుకోకుండా పరిచినవే.

బత్తాయి తోటలో డ్రిప్పు కొంచెం తప్పుగా వేసినా ఆషాఢ శ్రావణాల్లో పడే వాన ఆ తప్పును ఎంతో కొంత కడిగేస్తుంది. చెట్టు మొదట్లో పేరుకున్న ఉప్పును కిందికి దించుతుంది, డ్రిప్పరు మూసుకుపోయిన చోట కూడా నేలను తడుపుతుంది. పాలీహౌస్ అంటే ఆ వానను మనమే బయట ఆపేసిన పొలం. లోపల మొక్కకు మీరు ఇచ్చే నీరే నీరు. అందులో ఉప్పు ఉంటే ఆ ఉప్పు బెడ్డులోనే మిగులుతుంది. ఒక డ్రిప్పరు ఆగితే దాని కింది మొక్కకు దిక్కు ఉండదు.

అందుకని ముందు బోరును కొలవండి. ఇంచు, ఇంచున్నర అని మనం కళ్లతో చూసి చెప్పే లెక్క డ్రిప్పుకు సరిపోదు. రెండు వందల లీటర్ల డ్రమ్ము పెట్టి, మోటారు వేసిన అరగంట తరువాత, అది నిండటానికి ఎన్ని సెకన్లు పడుతుందో ఫోనులో చూసుకోండి. మూడుసార్లు కొలవండి. ఇంకొక మాట, ఇప్పుడు కొలిచినదాన్నే నమ్ముకోకండి. మీ బోరు ఏప్రిల్, మే నెలల్లో ఎంత పోస్తుందో అదే మీ అసలు లెక్క. పోయిన ఎండాకాలం ఎంత తగ్గిందో మీ ఇంటాయనకు గుర్తుంటుంది, అడగండి.

డ్రమ్ము వంద సెకన్లలో నిండిందనుకుందాం. అంటే గంటకు 7,200 లీటర్లు. ఇక మీ పాలీహౌస్ లెక్క చూడండి. మీటరు వెడల్పు బెడ్డు, అర మీటరు దారి అనుకుంటే నలభై మీటర్ల వెడల్పులో 26 బెడ్లు వస్తాయి. రెండు చివర్లా నడవడానికి వదిలితే ఒక్కో బెడ్డు 48 మీటర్లు. బెడ్డుకు రెండు పైపులు, అంటే 52 పైపులు. ముప్పై సెంటీమీటర్లకు ఒక డ్రిప్పరు చొప్పున పైపుకు 160 వస్తాయి, మొత్తం 8,320 డ్రిప్పర్లు. గంటకు నాలుగు లీటర్లవి వేసి అన్నీ ఒకేసారి తెరిస్తే 33 వేల లీటర్లకు పైగా కావాలి. మీ బోరు పోసేదానికి అది నాలుగున్నర రెట్లు. మోటారు తిరుగుతుంది, పైపులు తడుస్తాయి, కానీ ఒత్తిడి నిలవదు. మొదటి బెడ్లు బురదవుతాయి, చివరి బెడ్లు ఎండుతాయి.

ఇది నేను పడి లేచిన గొయ్యి కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను. నేను మొదటిసారి వేసినప్పుడు నాకు అమ్మినతను కూడా ఇదే మాట అన్నాడు, నేను నమ్మాను. గేటు దగ్గర మొక్కలు నడుము ఎత్తు పెరిగాయి, అవతలి గోడ దగ్గర మోకాలు దాటలేదు. ఎరువు తక్కువైందని అటు వైపు ఇంకా ఎరువు పోశాను. నీరు చాలని చోట ఎరువు పెంచితే ఏమవుతుందో మీకు వేరే చెప్పనక్కరలేదు, ఆకుల అంచులు మాడిపోయాయి.

మీరు గంటకు రెండు లీటర్ల డ్రిప్పర్లు, 16 మిల్లీమీటర్ల పైపులో లోపలే అమర్చి వచ్చేవి తీసుకోండి. పాలీహౌస్‌ను మూడు భాగాలు చేయండి: తొమ్మిది, తొమ్మిది, ఎనిమిది బెడ్లు. ఒక్కో భాగానికి వేరే సబ్‌మెయిన్ (బెడ్ల మీది పైపులన్నిటికీ నీళ్లు పంచే పెద్ద పైపు), వేరే వాల్వు. తొమ్మిది బెడ్ల భాగానికి గంటకు 5,760 లీటర్లు కావాలి, మీ బోరు 7,200 పోస్తుంది. మిగిలేదాన్ని బైపాస్ వాల్వు పెట్టి తిరిగి తొట్టిలోకి వదలండి. లేకపోతే ఆ ఒత్తిడి అంతా కీళ్ల మీద పడి ఎక్కడో ఒకచోట ఊడుతుంది. మే నెలలో బోరు సగానికి తగ్గే పక్షంలో మూడు బదులు ఆరు భాగాలు చేసుకోవాలి. వాల్వులకు అయ్యే ఖర్చు చూసి వెనకాడవద్దు, మొత్తం ఖర్చులో అది చాలా చిన్నది. డ్రిప్పరు దగ్గర ఒక కిలో ఒత్తిడి ఉండేలా చూసుకోవాలి, అది కనబడటానికి ప్రెజర్ గేజీ తప్పనిసరిగా పెట్టించుకోండి.

డ్రిప్పర్ల మధ్య దూరం నేలను బట్టి ఉంటుంది. ఎర్ర చెల్కల్లో నీరు పక్కలకు పాకే కంటే కిందికే ఎక్కువ దిగుతుంది, అందుకే ముప్పై సెంటీమీటర్లు అన్నాను. మీరు వేసిన మట్టిలో బంక ఎక్కువగా ఉంటే నలభై చాలు. ఊహించడం ఎందుకు, ఒక్క బెడ్డు మీద ఒక పైపు పరిచి ఇరవై నిమిషాలు నీళ్లు వదలండి, రెండు గంటలాగి పారతో అడ్డంగా కోసి చూడండి. రెండు డ్రిప్పర్ల తడి ఒకదానికొకటి అందిందా, వేరు ఉండే లోతుకు దిగిందా అన్నది మట్టే చూపిస్తుంది.

రోజుకు ఎంతసేపు అని అడిగారు. పాలీహౌస్‌లో క్యాప్సికంకు చలికాలంలో చదరపు మీటరుకు సుమారు రెండు లీటర్లు, ఎండాకాలంలో నాలుగు లీటర్ల దాకా కావాల్సి వస్తుంది. నారు నాటిన కొత్తలో ఇంకా తక్కువ. మీ డ్రిప్పు గంటకు చదరపు మీటరుకు దాదాపు తొమ్మిది లీటర్లు ఇస్తుంది. కాబట్టి మామూలు రోజుల్లో ఒక్కో భాగానికి 24 నిమిషాలు అంటే మూడున్నర లీటర్లు అందినట్టే. మొత్తం కలిపి రోజుకు 6,700 లీటర్లు, ఒకటింపావు గంట మోటారు. అది కూడా ఒకేసారి కాకుండా పొద్దున ఏడింటికి సగం, పదకొండు లోపు సగం ఇవ్వండి. సాయంత్రం పొద్దుపోయాక మాత్రం వదలవద్దు. రాత్రంతా లోపల తేమ నిలిచి ఆకుల మీద బూజు తెగుళ్లు లేస్తాయి. ఒకప్పుడు కరెంటు ఎప్పుడు వస్తే అప్పుడు, రాత్రి రెండింటికైనా లేచి పారించుకునేవాళ్లం. 2018లో 24 గంటల కరెంటు మొదలైన తరువాత మొక్కకు ఎప్పుడు కావాలో అప్పుడు ఇచ్చుకునే వీలు వచ్చింది. దాన్ని వాడుకోండి.

ఇప్పుడు మీకు భయం కలిగించిన సంగతికి వస్తాను. మన నల్లగొండ నీళ్లంటే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది. మర్రిగూడ, మునుగోడు వైపు పల్లెల్లో అది మనుషుల ఎముకలను ఏం చేసిందో మనకు తెలుసు. కానీ డ్రిప్పరును మూసేది ఫ్లోరైడ్ కాదు. నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం, బైకార్బొనేట్ రెండూ కలిసి సున్నంలా గట్టిపడతాయి. ఇంట్లో నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లని పొర కడుతుంది కదా, అదే డ్రిప్పరు కన్నంలోనూ కడుతుంది. పాలీహౌస్‌లో పైపు వేడెక్కుతుంది కాబట్టి బయటి పొలంలో కంటే త్వరగా కడుతుంది. నీటి పీహెచ్ ఎనిమిది దాటితే ఈ ముప్పు బాగా ఎక్కువ. ఈ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి కూడా చెబుతాను. లోపల పని చేసే వాళ్లకు దాహమైతే చేతికి దగ్గరగా ఉండేది డ్రిప్పు నీళ్లే. బోరు నీళ్లు తాగనివ్వకండి. ఇంటి నుంచి భగీరథ నీళ్లు బిందెతో తెచ్చిపెట్టండి.

సున్నానికి మందు యాసిడ్. భయపడాల్సిన పని కాదు, జాగ్రత్తగా చేయాల్సిన పని. బజారులో దొరికే హైడ్రోక్లోరిక్ యాసిడ్ చాలు. పది లీటర్ల బోరు నీళ్లు ప్లాస్టిక్ బకెట్‌లో పట్టి, కొద్దికొద్దిగా యాసిడ్ వేస్తూ పీహెచ్ కాగితంతో చూడండి. ఎన్ని మిల్లీలీటర్లకు పీహెచ్ నాలుగుకు దిగిందో రాసుకోండి. ఆరు మిల్లీలీటర్లు పట్టిందనుకుంటే, మీ ఒక భాగంలో పదిహేను నిమిషాలకు పారే 1,440 లీటర్లకు సుమారు 860 మిల్లీలీటర్లు కావాలి. దాన్ని నీళ్లలో కలిపి వెంచురీ (ఎరువునో మందునో పారే నీటిలోకి లాగే పరికరం) ద్వారా ఆ పదిహేను నిమిషాల్లో లాగించి, పైపు చివర డ్రిప్పరు దగ్గర కూడా కాగితం పెట్టి చూసి, మోటారు ఆపండి. మర్నాటి దాకా అలాగే ఉంచి, పైపుల చివరి మూతలన్నీ తీసి నీళ్లు తేటగా వచ్చేవరకు వదలండి. పంట తీసేసి బెడ్లు ఖాళీగా ఉన్నప్పుడు ఈ పని చేయాలి. మొక్కలు ఉన్నప్పుడు పీహెచ్ ఆరు, ఆరున్నర దగ్గర ఆపి తేలికగా ఇచ్చుకోవచ్చు.

ఎప్పుడూ నీళ్లలో యాసిడ్ పోయాలి, యాసిడ్‌లో నీళ్లు పోస్తే అది ఎగిసి ముఖం మీద పడుతుంది. చేతి తొడుగులు, కళ్లద్దాలు పెట్టుకోండి. పాచి పోవడానికి బ్లీచింగ్ కూడా వాడతారు. యాసిడ్, బ్లీచింగ్ ఒకే రోజు ఒకే పైపులో కలవకూడదు. కలిస్తే క్లోరిన్ విషవాయువు పుడుతుంది, నాలుగు వైపులా మూసిన పాలీహౌస్‌లో అది ప్రాణాలకే ముప్పు. ఈ పని చేసేటప్పుడు పిల్లలను దగ్గరికి రానివ్వకండి.

ఫిల్టర్లు రెండూ కావాలా అంటే, నీరు ఎక్కడి నుంచి వస్తోందో దాన్ని బట్టి ఉంటుంది. బోరు నీళ్లు నేరుగా వస్తే డిస్క్ ఫిల్టర్ ఒకటి, ఇసుక కూడా వస్తుంటే దానికి ముందు ఇసుకను తిప్పి వేరు చేసే హైడ్రోసైక్లోన్ ఒకటి. తొట్టి నుంచో కుంట నుంచో తోడితే పాచి వస్తుంది, దాన్ని ఆపగలిగేది ఇసుక ఫిల్టరే. వెంచురీ తరువాత ఒక జాలీ ఫిల్టర్ ఉండాలి, కరగని ఎరువు పలుకులను అది పట్టుకుంటుంది. ఫిల్టరుకు ముందు, వెనుక ఒత్తిడి చూడండి. తేడా అర కిలోకు చేరే లోపే కడిగేయాలి. అయితే ఒక సంగతి మనసులో ఉంచుకోండి, నీటిలో కరిగి ఉన్న సున్నాన్ని ఏ ఫిల్టరూ ఆపలేదు. ఖరీదైన ఫిల్టరు పెట్టాం కదా అని యాసిడ్ మానేసిన వాళ్ల పైపులే ముందు మూసుకుపోతాయి.

ఎరువుల సంగతిలో ఒకటే చెబుతాను, మిగతావి పంటను బట్టి మారతాయి. కాల్షియం నైట్రేట్‌ను మెగ్నీషియం సల్ఫేటుతో గానీ, 12-61-0 లాంటి భాస్వరం ఎరువులతో గానీ ఒకే డ్రమ్ములో కలపవద్దు. కలిపితే పెరుగు విరిగినట్టు తెల్లగా విరిగి డ్రిప్పర్లలో కూర్చుంటుంది. వేర్వేరు రోజుల్లో ఇవ్వండి. ఎరువుకు ముందు కాసేపు, తరువాత కాసేపు వట్టి నీళ్లు పారాలి.

ఇక ఉప్పు. క్యాప్సికం ఉప్పుకు ఓర్చుకోని పంట. నీటి పరీక్ష కాగితంలో ఈసీ అని ఉంటుంది, నీటిలో ఉప్పు ఎంత ఉందో చెప్పే అంకె, అది ఒకటి దాటిన దగ్గర నుంచి క్యాప్సికం దిగుబడి తగ్గడం మొదలవుతుంది. టమాటా, కీరా అయితే 1.7 దాకా ఓర్చుకుంటాయి. మీ నీరు రెండు దగ్గర ఉందని తేలితే క్యాప్సికం మీద పట్టు పట్టవద్దు, మొదటి పంటగా కీరా పెట్టుకోండి. అదే కాగితంలో ఆర్‌ఎస్‌సీ (నీటిలో మిగులు సోడియం కార్బొనేట్ లెక్క) 2.5 దాటి ఉంటే ఆ నీరు నేలను బిగుసుకుపోయేలా చేస్తుంది, బెడ్లలో జిప్సం వేయకుండా నాటకూడదు.

మీకు అందుబాటులో ఉన్న మంచి నీరు ఇంకొకటి ఉంది, దాని గురించి మీరు రాయలేదు. మీ పాలీహౌస్ కప్పు రెండు వేల చదరపు మీటర్లు. దాని మీద ఒక్క మిల్లీమీటరు వాన పడితే రెండు వేల లీటర్లు. ఏడాదికి 700 మిల్లీమీటర్లు పడిందనుకుంటే 14 లక్షల లీటర్లు. చింది, కారి, పావు వంతు పోయినా పదిన్నర లక్షలు మిగులుతాయి. మీకు రోజుకు కావాల్సింది 6,700 లీటర్లని పైన లెక్క వేశాం కదా, అంటే ఐదు నెలల పంటకు సరిపోయే నీరు మీ కప్పు మీది నుంచే జారి పక్క చేలోకి పోతోంది. అందులో సున్నం లేదు, ఉప్పు లేదు. కప్పుకు గట్టర్లు ఎలాగూ ఉంటాయి. వాటికి పైపు కట్టి, షీటు పరిచిన కుంటలోకి వదలడమే మిగిలిన పని.

మొత్తం నీటిని పట్టే కుంట తవ్వనక్కరలేదు. ఐదు లక్షల లీటర్లు పట్టేది ఉంటే, వానాకాలంలో వాడుకుంటూ ఉండగానే మళ్లీ నిండుతుంది. ఈ నీటిని బోరు నీటితో సగం సగం కలపండి, ఉప్పూ సున్నమూ రెండూ దాదాపు సగానికి తగ్గుతాయి. పాడైన నీటిని బాగు చేయడానికి ఇంతకంటే చవకైన దారి నాకు తెలియదు. కుంట మీద నీడ జాలీ కప్పండి. లేకపోతే పాచి పడుతుంది, మిగిలింది ఎండ తాగేస్తుంది. చుట్టూ గట్టి కంచె వేయండి. షీటు పరిచిన కుంట అంచు జారుతుంది, అందులో పడిన బిడ్డ గానీ మేక గానీ పైకి ఎక్కలేదు. లోపలికి ముడులు వేసిన తాడు ఒకటి ఎప్పుడూ వేలాడదీసి ఉంచండి.

పంట తీసేశాక ఈ వాన నీటితోనే బెడ్లను కడగాలి. ఒక్కో భాగానికి రెండు మూడు గంటల చొప్పున, మధ్యలో ఒక రోజు విరామం ఇస్తూ రెండుసార్లు వదిలితే పేరుకున్న ఉప్పు వేళ్ల కిందికి దిగుతుంది. బయట వాన చేసే పని ఇదే. పంట ఉన్నప్పుడు బెడ్డు అంచుల్లో తెల్లటి పొడి కనబడితే రోజూ ఇచ్చే నీటికి పదో వంతు పెంచండి. ఆ సమయంలో నాలుగు రోజులు డ్రిప్పు ఆపితే అంచుల్లోని ఉప్పు తిరిగి వేరు దగ్గరికి వస్తుంది, అది గుర్తుంచుకోండి.

పైపులు పరిచే రోజు కూలీలకు వదిలేయకుండా మీరూ దగ్గర ఉండండి. డ్రిప్పరు కన్నం పైకి చూడాలి, కిందికి ఉంటే పైపు అడుగున చేరిన మడ్డి నేరుగా అందులోకి దిగుతుంది. పైపును బిగదీసి కట్టవద్దు. మన మధ్యాహ్నపు వేడికి 48 మీటర్ల పైపు జానెడు దాకా సాగుతుంది, తెల్లవారితే ముడుచుకుంటుంది. కొంచెం వదులుగా ఉంచి అక్కడక్కడా మేకులతో ఆపండి. సబ్‌మెయిన్‌ను నేలలో పాతేయండి, ఎండలో ఉంటే అందులో నిలిచిన నీరు కాగి మొదట లేత వేళ్ల మీదే పడుతుంది. మల్చింగ్ షీటు కప్పక ముందే ఒక పరీక్ష చేయండి. ప్రతి భాగంలో మొదటి బెడ్డు, నడిమి బెడ్డు, చివరి బెడ్డు చూసుకుని, పైపు మొదట్లో, మధ్యలో, చివరలో డ్రిప్పర్ల కింద గిన్నెలు పెట్టండి. ఆరు నిమిషాలు వదలండి. ఒక్కో గిన్నెలో 200 మిల్లీలీటర్లు ఉండాలి. 180 కంటే తక్కువ వచ్చిన చోట ఏదో లోపం ఉన్నట్టు. దాన్ని సరిచేయించాకే బిగించిన వారికి మిగతా డబ్బు ఇవ్వండి. ఆ కొలతలు ఒక పుస్తకంలో రాసుకుని ప్రతి మూడు నెలలకు మళ్లీ కొలవండి. మొక్క వాడకముందే డ్రిప్పరు మూసుకుపోతున్న సంగతి ఆ పుస్తకం చెబుతుంది.

పైపు మీద ఐఎస్ 13488 అన్న అచ్చు ఉందో లేదో చూసి తీసుకోండి. సబ్సిడీ కావాలంటే కొనకముందే మీ ఉద్యాన అధికారి దగ్గర దరఖాస్తు పెట్టండి. కొన్నాక బిల్లు పట్టుకుని వెళితే ప్రయోజనం ఉండదు.

ఈ వారం మీరు చేయాల్సింది ఒక్కటే. మోటారు అరగంట నడిచాక, లీటరు ప్లాస్టిక్ సీసాను అదే నీటితో మూడుసార్లు కడిగి, గాలి మిగలకుండా మూతి దాకా నింపి బిగించండి. సర్వే నంబరు, తేదీ, బోరు లోతు చీటీ మీద రాసి అంటించండి. ఒక రోజు దాటకుండా పరీక్షకు చేర్చండి. ఎక్కడ ఇవ్వాలో కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రానికి ఫోను చేసి అడగండి. పీహెచ్, ఈసీ, బైకార్బొనేట్, కాల్షియం, సోడియం, ఆర్‌ఎస్‌సీ అన్నీ చూడమని చెప్పండి. ఆ అంకెలతో పాటు డ్రమ్ము నిండిన సెకన్లు కూడా రాసి పంపండి. యాసిడ్ ఎంత, భాగాలు ఎన్ని, క్యాప్సికమా కీరానా అన్నది మీ నీటి లెక్కతో చెబుతాను. అప్పటిదాకా ఆ పైపుల అతనికి బయానా ఇవ్వకండి.